మూడున్నర కిలోల ఇసుక

తువ్వాలు స్నానాల గది తలుపు వెనక మేకుకి ఉంటుంది. ఆరేళ్లుగా అక్కడే ఉంది. ఆ మేకు మా నాన్న కొట్లోది, దాన్ని గోడకి కొట్టింది నేను. అయినా ప్రతి ఉదయం ఐదింటికి లోపలి నుంచి మా ఆయన ఒకటే కేక, "నా తువ్వాలు ఎక్కడ?" అని. మొదటి ఏడాది పరుగెత్తుకుంటూ వెళ్లి చేతికిచ్చాను. రెండో ఏడాది వంటగదిలోంచే చెప్పాను. ఇప్పుడు చెప్పను. తడి ఒంటితో కాసేపు నిలబడితే తలుపు వెనక్కి చూడాలన్న ఆలోచన దానంతట అదే వస్తుంది. ఆలోచనకి అంత దూరం నడిచి రావలసిన మనిషిని చూస్తే మొదట్లో జాలేసేది. జాలి ఎక్కువ కాలం నిలవ ఉండే సరుకు కాదు.

ఈయనే మా పడవలో ఎనిమిదో నంబరు.

పడవ అంటే ఎనిమిది మంది తెడ్లు వేసే పందెం పడవ. మనిషి వెడల్పు కూడా సరిగా ఉండదు, పొడవు మాత్రం మా కొట్టు ముందు నుంచి వెనక గోదాము దాకా ఉంటుంది. ఎనిమిది మందీ పడవ వెళ్లే వైపుకి వీపు పెట్టి కూర్చుంటారు. వాళ్ల ఎదురుగా, చిట్టచివర, ముడుచుకుని కూర్చునే తొమ్మిదో మనిషిని కాక్స్ అంటారు. చుక్కాని తిప్పేది, వేగం పెంచమనేది, తగ్గించమనేది, ఎవరి తెడ్డు ఆలస్యంగా పడుతోందో చెప్పేది కాక్సే. ఎనిమిది మంది మగాళ్లు వెనక్కి చూస్తూ ముందుకు పోతుంటారు. ఎటు పోతున్నామో కనిపించేది నాకొక్కదానికే. ఒడ్డున కూడా వ్యవహారం ఇంతే గానీ, ఒడ్డున ఎవరూ ఒప్పుకోరు.

కాలేజీలో నేను ఈ పనిలోకి వచ్చింది కొట్టు వల్లే. మాది మేకులు, బోల్టులు, గొలుసులు తూకానికి అమ్మే కొట్టు. పడవల క్లబ్బుకి బోల్టులు మేమే ఇచ్చేవాళ్లం. ఒకరోజు కాలేజీకి పోతూ పొట్లం ఇవ్వడానికి వెళ్లాను. కోచ్ పొట్లం చేత్తో పట్టుకుని, "తక్కువున్నట్టుందే" అన్నాడు. నేను తీసుకుని చేతిలో ఒకసారి ఆడించి, "తొమ్మిది వందల గ్రాములుంది, వంద తక్కువే, మా కుర్రాడు తప్పు కట్టాడు, రేపు తెచ్చిస్తాను" అన్నాను. ఆయన వెంటనే తన గదిలో కాటా మీద పెట్టి చూశాడు. తొమ్మిది వందలే. చిన్నప్పటి నుంచి కాటా పక్కన పెరిగిన చెయ్యి అది. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, "గొంతుందా?" అని అడిగాడు. ఇనుము దింపే చప్పుడులో అరిచి లెక్క చెప్పిన గొంతు నాది. ఒకసారి అరిచి చూపించాను. చెరువు అవతల పక్షులు లేచాయి.

"నా దగ్గర ఎనిమిది దున్నపోతులున్నాయి. ఒక బుర్ర కావాలి. రేపు ఐదింటికి రా" అన్నాడు కోచ్.

అలా చేరాను. నియమం ప్రకారం కాక్స్ బరువు కనీసం యాభై ఐదు కిలోలు ఉండాలి. తక్కువుంటే ఆ తేడాని ఇసుక సంచిలో కట్టి కాక్స్ కాళ్ల దగ్గర పెడతారు, ఏ పడవకీ తేలికైన మనిషి వల్ల లాభం రాకుండా. కాలేజీలో నాకు ఇసుక అరకిలో. పెళ్లయిన రెండేళ్లకి రెండు కిలోలు. మొన్నటికి మూడున్నర కిలోలు. ఎలాగంటారా. మా ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది నాది. మా ఆయన తెడ్డు వేసే మనిషి కాబట్టి రెండింతలు కావాలి. మా అత్తయ్య పెద్దావిడ కాబట్టి వేడివేడిగా కావాలి. ఆదివారం సాధన అయ్యాక మిగతా ఏడుగురూ మా ఇంటికే వచ్చి బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు, కాక్స్ చేతి వంట బాగుంటుందని. పొద్దున నేను చెప్పిన ప్రతి మాటా విన్న ఆ ఎనిమిది మంది, మధ్యాహ్నం నాకు మంచినీళ్ల సీసా ఎత్తి చూపించేవాళ్లు, ఖాళీ అయిందన్న గుర్తుగా. ఆ ఇంట్లో నేను తినకుండా వదిలేసిన తిండి ఇసుకగా మారి పడవలో నా కాళ్ల దగ్గర కూర్చునేది.

ఆ సంచి మా ఆయనకి ఇష్టమైన హాస్యం. కొత్తవాళ్లు ఎవరొచ్చినా, "మా పడవలో ఇసుక సంచులు రెండు. ఒకటి మాట్లాడదు" అనేవాడు. నవ్వేవాళ్లు. ఒకే జోకుని ఆరేళ్లు అమ్ముకున్న వ్యాపారిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పెళ్లెందుకు చేసుకున్నానో కూడా చెప్పాలి, సరుకు ఎంచుకున్నది నేనే కాబట్టి. ఎనిమిదో నంబరు మనిషి కాక్స్‌కి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరలో కూర్చుంటాడు. మూడేళ్లు ఆ మొహం చూశాను. నేను వేగం పెంచమంటే పెంచేవాడు. ఇంకో పది తెడ్లు అంటే, ఊపిరి అందకపోయినా, కళ్లు నా మీద పెట్టి పది వేసేవాడు. ఇంతలా మాట వినే మనిషి లోకంలో ఉంటాడా అనుకున్నాను. నీళ్ల మీద వినేవాడు నేల మీదా వింటాడని అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు తూకం. పడవలో ఆయన విన్నది నన్ను కాదు. గెలుపుని. అది అప్పటికి నా గొంతులోంచి వస్తోంది, అంతే.

కాలేజీ క్లబ్బు నుంచి ఊరి జట్టు, ఊరి జట్టు నుంచి ప్రాంతం జట్టు. నాన్న పోయాక కొట్టు నేనే చూసుకుంటున్నాను. పొద్దున ఐదున్నరకి చెరువు, ఎనిమిదింటికి ఇల్లు, పదింటికి కొట్టు, ఏడింటికి మళ్లీ ఇల్లు. క్లబ్బులో పడవలు తుడవడం, సంచులు సర్దడం, అందరి చొక్కాలూ ఉతకడానికి వేయించడం, సమావేశాల్లో రాసుకోవడం కూడా నా మీదే పడ్డాయి. ఎవరూ అప్పగించలేదు. "నీకైతే బాగా తెలుసు కదా" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను లోపల ఒకటే అనుకునేదాన్ని. చుక్కాని కూడా నాకే బాగా తెలుసు, దానికి మాత్రం ఏనాడూ ఆ మాట అనలేదేం?

అత్తయ్య ఒకసారి ఒడ్డుకి వచ్చి పందెం చూసింది. మేం గెలిచాం. ఆచారం ప్రకారం గెలిచినవాళ్లు కాక్స్‌ని ఎత్తి నీళ్లలో పడేస్తారు, నన్నూ పడేశారు. నేను తడిసి పైకొచ్చేసరికి అత్తయ్య మా ఆయన చెమట తుడుస్తోంది. "ఎనిమిది మంది ఒళ్లు హూనం చేసుకుంటే ఈవిడ దర్జాగా కూర్చుని వచ్చింది" అని పక్కావిడతో అంది. నేను వినాలనే అంది. ఆ ఇంటివాళ్ల ఎదుట నేను కూర్చున్న ఒకే ఒక చోటు ఆ పడవ. దాన్ని కూడా ఆవిడ లెక్కలో వేసుకుంది.

ఇక అసలు సంగతి. దేశం జట్టుకి మగవాళ్ల పడవ ఒకటి కడుతున్నారు. కాక్స్ ఆడదైనా మగైనా ఫరవాలేదని నియమం. దానికి నన్ను తీసుకున్నారని మా కోచ్ కబురు తెచ్చాడు. తెడ్లు వేసేవాళ్లలో మా జట్టు నుంచి ఏడుగురు ఖాయం. ఎనిమిదో చోటుకి మాత్రం ఇద్దరున్నారు. ఒకరు మా ఆయన, ఇంకొకరు క్లబ్బు రెండో పడవలో వేసే పోస్ట్‌మాన్. నిజంగానే ఉత్తరాలు పంచే మనిషి, సైకిలు తొక్కీ తొక్కీ కాళ్లు ఇనప కడ్డీల్లా ఉంటాయి, మాట్లాడడు. వీళ్లిద్దరికీ సీటు పందెం పెడతానన్నాడు కోచ్. అంటే రెండు పడవలు పక్కపక్కన పోటీ పడతాయి. ఒకసారి అయ్యాక ఆ పడవలోని మనిషిని ఈ పడవలోకి, ఈ పడవలోని మనిషిని ఆ పడవలోకి మార్చి మళ్లీ పోటీ పెడతారు. మిగతా అందరూ ఎక్కడివాళ్లు అక్కడే. తేడా ఎంతొస్తే అంత ఆ ఇద్దరిదే. కాటా పళ్లేల్లో సరుకు అటూ ఇటూ మార్చి చూడటం లాంటిది. ఇంతకంటే నిజాయితీ తూకం నేను కొట్లో కూడా చూడలేదు.

ముందురోజు సాయంత్రం నేను బట్టలు మడతపెడుతుంటే మా ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. మడతపెట్టిన బట్టల మీదే కూర్చున్నాడు.

"రెండోసారి పోస్ట్‌మాన్ నీ పడవలో ఉంటాడు కదా" అన్నాడు.

"ఉంటాడు."

"చుక్కాని ఒక రవ్వ అటు తిప్పితే పడవ కాస్త వంకర పోతుంది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నువ్వు నా పెళ్లానివా, ఆ పోస్ట్‌మాన్ పెళ్లానివా?"

నేను ఆయన కింద నలుగుతున్న చొక్కాని లాగి తీసుకుని మళ్లీ మడతపెట్టాను. పడవలో నేను ఎవరి పెళ్లాన్నీ కాదని చెప్పాలనిపించింది. చెబితే ఒక గంట పడుతుంది, బట్టలు ఇంకా చాలా ఉన్నాయి. లేవమన్నాను. లేచి వెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాను. ఆయన ఆలోచిస్తున్నాడని నాకు తట్టలేదు. ఆ అవకాశం ఎప్పుడూ పెద్దగా ఉండేది కాదు.

మర్నాడు పొద్దున వంటగది తలుపు రెండుసార్లు దబ్బుమని కొట్టుకుంది. దానికి అడ్డంగా ఒక పాత ఇనప తూనికరాయి ఉంటుంది, రెండు కిలోలది, నాన్న కొట్లోంచి తెచ్చుకున్నది. అది కనపడలేదు. తుడిచేటప్పుడు ఎవరో పక్కకి పెట్టుంటారు అనుకున్నాను. తరవాత నవ్వొచ్చింది. ఆ ఇంట్లో తుడిచే ఎవరో ఎవరు, నేను కాక?

మొదటి పోటీలో మా ఆయన నా పడవలో ఉన్నాడు. నిజం చెప్పాలి, బాగానే వేశాడు, మొదటి సగం. చివరి సగంలో ఆయన తెడ్డు నీళ్లని లాగడం మానేసి నీళ్ల మీద నుంచి జారడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చున్న నాకు తప్ప ఎవరికీ కనపడని దొంగ అలసట అది. ఇంట్లో కూడా పని సగంలో ఉండగా ఆయన మొహం సరిగ్గా అలాగే అవుతుంది. మా పడవ పావు పడవంత ముందు ముగిసింది.

ఒడ్డుకి వచ్చి మనుషుల్ని మార్చుకుంటున్నారు. నేను దిగి గొంతు తడుపుకుంటున్నాను. అప్పుడు జరిగింది, ఆరేళ్ల కాపురంలో జరగనిది. మా ఆయన నా ఇసుక సంచిని చేతిలోకి తీసుకుని, తన చొక్కాల సంచీ పక్కకి వెళ్లి, కాసేపు వంగి నిలబడి, తిరిగొచ్చి దాన్ని పడవలో నా చోటు దగ్గర పెట్టాడు.

"నువ్వు నీళ్లు తాగు. నేను పెట్టేశాలే" అన్నాడు.

ఇంట్లో తాగిన గ్లాసు కూడా ఎత్తని మనిషి. మొగుడు చేసిన చిన్న సాయానికి భయపడవలసి రావడం ఎలాంటి కాపురమో ఆలోచించుకునే తీరిక లేదు. వెళ్లి సంచి ఎత్తాను.

అయిదున్నర కిలోలు.

కాటా అక్కర్లేదు. ముడి కూడా నాది కాదు. నేను వేసేది కొట్లో పొట్లాల ముడి, ఒక కొస లాగితే ఊడుతుంది. ఇది బూటు తాడు ముడి. విప్పి చెయ్యి పెట్టాను. ఇసుకలో చల్లగా, నున్నగా, నాన్న చేతుల్లో అరిగిన ఇనుము తగిలింది. నా వంటగది తలుపు రాయి.

మోసం చూసి నాకు కోపం రాలేదు. వ్యాపారంలో చాలా దొంగ తూకాలు చూశాను. అడుగున మైనం అంటించినవాళ్లని చూశాను, కాటా ముల్లు వంచినవాళ్లని చూశాను. వాళ్లకి కనీసం లెక్క వచ్చు. ఎంత కలిపితే ఎంత మిగులుతుందో తెలుసు. పడవ, తెడ్లు, ఎనిమిది మంది, నేను, అన్నీ కలిపి దాదాపు తొమ్మిది వందల కిలోలు. దాని మీద రెండు కిలోలు వేస్తే రెండు వేల మీటర్లకి ఒక బారెడు తేడా కూడా రాదు. పదేళ్లుగా పడవెక్కుతున్న మనిషికి ఇది తెలియదు. పెళ్లాన్ని మోసం చెయ్యడానికి పెళ్లాం వంటగదిలోంచే సామాను ఎత్తుకొచ్చాడు, అదీ చాలనిది. తూకం రాళ్ల మధ్య పెరిగినదాని చేతికి ఆ సంచి మళ్లీ వస్తుందన్న ధ్యాస కూడా లేదు. మాట్లాడే ఇసుక సంచికి చేతులు కూడా ఉంటాయని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

రాయిని బయటికి తీసి, ఇసుక దులిపి, ఒడ్డున చెక్క మెట్టు మీద అందరికీ కనపడేట్టు నిలబెట్టాను. కోచ్ చూశాడు.

"ఏంటది?"

మా ఆయన వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. కట్టి ఉన్నదాన్నే మళ్లీ కడుతున్నాడు. నేను ఒక్క మాట చెబితే క్లబ్బులోంచే పోతాడు. చెప్పనా అని తూచి చూశాను. ఇంత చిన్న దొంగతనానికి ఫిర్యాదు చేస్తే అది పెద్దదైపోతుంది. ఆయనకి ఆ పరువు కూడా ఎందుకు?

"ఇంటి సామాను సార్. పొరపాటున వచ్చింది" అన్నాను.

కోచ్ రాయి వైపు చూశాడు, బూటు వైపు చూశాడు, ఎక్కమని చెయ్యి ఊపాడు. నేను సంచికి నా ముడి వేసుకుని ఎక్కాను. బయల్దేరే ముందు ముందువైపు నుంచి ఒక్కొక్కరూ తమ అంకె చెప్పాలి, అందరూ సిద్ధమని గుర్తు. ఒకటి, రెండు, మూడు అంటూ వచ్చింది. నా మోకాళ్లకి ఎదురుగా కొత్త గొంతు మెల్లగా "ఎనిమిది" అంది. ఆ చోటు అంకెదే తప్ప మనిషిది కాదని ఆ క్షణం తెలిసింది. గీత గీసినంత సూటిగా పోనిచ్చాను. చివరి సగంలో పోస్ట్‌మాన్ తెడ్డు జారలేదు. ఈసారి మా పడవ ఒక నిండు పడవంత ముందుంది. అంటే ముప్పావు పడవ తేడా. కోచ్ కాగితం మీద ఒక పేరు కొట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. మా ఆయన సోఫాలో మొహం గోడకి తిప్పుకుని పడుకున్నాడు, అత్తయ్య పక్కన కూర్చుని వీపు నిమురుతోంది. దేశం జట్టుకి వస్తానని నేను సోమవారంలోగా సంతకం పెట్టి పంపాలి. ఆ కాగితం బల్ల మీద ఉంది, దాని మీద టీ గ్లాసు పెట్టారు.

"వాడు లేని పడవలో నీకేం పని?" అంది అత్తయ్య. "మొగుడు ఒడ్డున కూర్చుంటే పెళ్లాం ఎనిమిది మంది మగాళ్లని వెంటేసుకుని ఊరేగుతుందా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఇన్నాళ్లూ ఏడుగురినే కదా అత్తయ్యా వెంటేసుకుంది. ఒకరే పెరిగారు" అన్నాను.

మా ఆయన గోడతోనే మాట్లాడాడు. "నేను తీసుకెళితే వెళ్లావు. నేను లేకపోతే నువ్వేంటి అక్కడ? ఇసుక సంచివి. ఎవర్ని కూర్చోబెట్టినా ఒకటే. రాలేనని రాసి పంపు."

ఆయన్ని ఎక్కడికి ఎవరు తీసుకెళ్లారో తొమ్మిదేళ్లు ఎదురుగా కూర్చుని చూసిన మనిషికి నేను కొత్తగా చెప్పేదేముంది? ఇలాంటి బేరాల్లో నాన్న ఒకటే చేసేవాడు. అవతలివాడు అర్థం లేని ధర చెబితే వాదించేవాడు కాదు. లేచి వేరే గిరాకీని చూసుకునేవాడు. నేను సంచీలోంచి తూనికరాయి తీసి వంటగది తలుపుకి అడ్డంగా దాని చోట్లో పెట్టాను. ఇనుము నేలకి తగిలిన చప్పుడుకి సోఫా మీద వీపు ఒకసారి కదిలింది. అత్తయ్యకి అర్థం కాలేదు, ఆయనకి అయింది. ఆ విషయం మా మధ్య అక్కడితో ముగిసింది.

తరవాత బల్ల మీద కంచం ఒక్కటే పెట్టాను. పొద్దున వండింది వేడి చేసి, ఎవరికీ పెట్టకముందు, నాకు పెట్టుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. టీ గ్లాసు పక్కకి జరిపి కాగితం మీద సంతకం పెట్టి, తినడం మొదలుపెట్టాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మాకు?" అంది.

"గిన్నెలో ఉంది అత్తయ్యా. గిన్నె పొయ్యి మీద ఉంది" అన్నాను, తువ్వాలు మేకుకి ఉందని చెప్పినంత మామూలుగా.

దేశం జట్టు సాధన శిబిరానికి ఆరు వారాలుంది. ఆరు వారాలూ నేనే ముందు తిన్నాను. మొదట్లో ప్రతి ముద్దా ఎవరి నోటిదో లాక్కుంటున్నట్టుండేది, రెండో వారానికి ఆకలి అంటే ఏమిటో గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు ఇల్లు తాళం వేసి కొట్టు తెరిచాను. ఏడుగురూ ఒకసారి వచ్చి తాళం చూసి వెళ్లిపోయారట. అందులో ఒకడు మర్నాడు పడవ తుడుస్తూ కనిపించాడు, ఎవరూ చెప్పకుండానే. ఇంత తింటే పడవ మునుగుతుందని మా ఆయన రోజూ అనేవాడు. కొత్త జోకు. పాతదానికంటే నాసిరకం.

శిబిరంలో మొదటి రోజు తూకం. ఒక పొడవాటి గది, మధ్యలో కాటా, పక్కన బల్ల మీద వరసగా కట్టిన ఇసుక సంచులు. తూకం చూసే పెద్దావిడ చేతిలో కిందటి పందెం నాటి తూకం చీటీ ఉంది. అందులో నా పేరు ఎదురుగా ఉన్న అంకె చూసి, మూడున్నర కిలోల సంచి ఒకటి ముందే తీసి పక్కన పెట్టుకుంది. నేను కాటా ఎక్కాను. ముల్లు ఊగి, తేల్చుకుని, నిలబడింది. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని వంగి చూసింది.

"యాభై ఐదు" అంది. సంచిని చేత్తో వెనక్కి నెట్టేసింది. "ఇక నీకు ఇసుక అక్కర్లేదు. ఫరవాలేదే అమ్మాయ్, మీ ఇంట్లో ఈమధ్య నీకు బాగా పెడుతున్నట్టున్నారు."

"లేదండీ" అన్నాను కాటా దిగుతూ. "నేనే పెట్టుకుంటున్నాను."